విజువల్ నవలను తెలుగులో లైవ్ చదవాలంటే: మైకు, యాస, చాట్‌లో రాజకీయం

విజువల్ నవల అంటే బొమ్మలు చూసుకుంట కథ చదివే ఆట. దాని స్ట్రీమ్ మిగతా గేమ్ స్ట్రీమ్‌ల లెక్క ఉండదు. కాల్పుల ఆటలో మీరు నోరు మూసుకున్నా తెర నడుస్తనే ఉంటది. ఇక్కడ తెర మీద కదలని బొమ్మ, కింద మూడు లైన్ల ఇంగ్లిష్. ఆ లైన్లను మీరు తెలుగులో చదివి వినిపించాలె, మీ గొంతు ఆగితే ఆట ఆగినట్టే. ఒగ్గు కథ చూసినవాళ్లకు ఈ పని కొత్తగ అనిపించదు. ఒకరు కథ నడిపిస్తరు, పక్కవాళ్లు వంత అందుకుంటరు, నడుమ జనంతో ముచ్చట సాగుతది. చాట్ కూడా ఆ జనమే. అందుకే ఇద్దరుగ కూసోండి: ఒకరు కథనం, ఒకరు పాత్రలు. ఒక్కరే చదివితే గంటన్నరకు గొంతు పోతది, చాట్ చూసే తీరిక ఉండదు.

ఏ ఆట ఎత్తుకోవాలె

మొదటిది చిన్నదిగ ఉండాలె, స్ట్రీమ్‌కు అనుమతి ఉండాలె. అనుమతి సంగతి తేలికగ తీసుకోవద్దు. విజువల్ నవలలో కథే సరుకు. చివరిదాకా చదివి పెడితే కొనేవాడికి మిగిలేదేమీ లేదు. 2023 సెప్టెంబర్‌లో జపాన్‌లోని సెండాయ్ జిల్లా కోర్టు ‘స్టైన్స్;గేట్’ వరుసలోని ఒక ఆటను ముగింపుతో సహా యూట్యూబ్‌లో పెట్టి డబ్బు చేసుకున్న వ్యక్తికి రెండేండ్ల జైలు (దాని అమలును ఐదేండ్లు ఆపి పెట్టింది), పది లక్షల యెన్ల జరిమానా వేసింది. ఆ కేసులో అనిమే (జపాన్ కార్టూన్) వీడియోలు కూడా ఉన్నయి. ‘పర్సోనా 5’ 2017లో వచ్చినప్పుడు ఆట కథలోని క్యాలెండర్‌లో జూలై 7 దాటి స్ట్రీమ్ చేయొద్దని అట్లస్ కంపెనీ చెప్పింది, తర్వాత ఆ గీతను నవంబర్ 19కి జరిపింది. అందుకని ఆట పేరుతోపాటు ‘స్ట్రీమింగ్ గైడ్‌లైన్స్’ అని వెతికి, కంపెనీ సొంత పేజీ చదివి, దాని స్క్రీన్‌షాట్ తేదీతో దాచుకోండి.

‘కటావా షోజో’ (2012) ఉచితమే గని, దాని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ వ్యాపారానికి వాడొద్దంటది, మార్చి పంచొద్దంటది. సూపర్ చాట్ (చూసేవాళ్లు డబ్బు కట్టి పంపే మెసేజ్) తెరిచిన ఛానల్‌కు అది సరిపడదు. అందులో పెద్దల సీన్లు కూడా ఉన్నయి, ఆప్షన్స్‌లో ఆపేయొచ్చు. ‘డోకి డోకి లిటరేచర్ క్లబ్’ (2017) కూడా ఉచితం, కాలేజీ పిల్లలకు బాగ తెలిసినది. పైకి తియ్యటి బొమ్మలు, లోపల ఆత్మహత్య ఉంటది. మొదలుపెట్టే ముందు ఆ మాట నోటితో చెప్పాలె, వీడియో వివరణలో టెలి-మానస్ (సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416 పెట్టాలె. ఆ సీన్ వచ్చే రోజు చాట్‌ను చూసుకునేటందుకే ఒక మనిషిని విడిగ పెట్టుకోండి.

కంప్యూటర్ సెట్టింగ్

యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ తెరిస్తే ఫోన్ నంబర్ ధ్రువీకరించాలె, ఆ తర్వాత 24 గంటల దాకా పట్టొచ్చు. పొద్దున ప్రకటన పెట్టి సాయంత్రం లైవ్ అనుకుంటే కుదరదు. 2025 జూలై 22 నుంచి సొంతంగ లైవ్ చేసేటందుకు 16 ఏండ్లు నిండాలె. టెన్త్ పిల్లలు గుర్తుపెట్టుకోండి.

తెరను లైవ్‌లోకి పంపేటందుకు ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. బొమ్మ కదలదు కాబట్టి సెకనుకు 30 ఫ్రేమ్‌లు సరిపోతయి. బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) 1080పీకి 4500 కేబీపీఎస్, 720పీకి 2500. రేట్ కంట్రోల్ సీబీఆర్, కీఫ్రేమ్ 2 సెకన్లు. బొమ్మ కదలకుంటే తక్కువ బిట్‌రేట్ చాలు కదా అనిపిస్తది. నిజమే గని, ఒక సీన్ కరిగి ఇంకో సీన్ వచ్చే ఆ సెకనులో తెరంత ఒక్కసారి మారుతది, అప్పుడు సన్నటి అక్షరాలు గళ్లు గళ్లుగ విరుగుతయి. చదివే ఆటకు అక్షరమే ముఖ్యం, అందుకే 4500. అప్‌లోడ్ వేగం దానికి రెండింతలు, అంటే 9 నుంచి 10 ఎంబీపీఎస్ ఉండాలె. స్పీడ్ టెస్ట్‌లో పెద్దగ కనిపించేది డౌన్‌లోడ్ అంకె. మీకు కావలసింది రెండోది, అది కూడా రాత్రి తొమ్మిదిన్నరకు చూడండి, పగలు కాదు.

ఆటను ‘గేమ్ క్యాప్చర్’తో పట్టండి. ‘డిస్‌ప్లే క్యాప్చర్’ పెడితే వాట్సాప్ నోటిఫికేషన్ కూడా జనంలోకి పోతది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న లాప్‌టాప్‌లో నల్ల తెర వస్తే, ఆట ఒక చిప్ మీద, ఓబీఎస్ ఇంకో చిప్ మీద నడుస్తున్నట్టు. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రెండింటినీ ఒక్క చిప్‌కు మార్చి, ఓబీఎస్ మూసి తెరవండి.

‘కటావా షోజో’ 800×600 ఆట. 1080పీ తెర మీద రెండు పక్కల ఖాళీ మిగులుతది. ఒకపక్క పాత్రల పేర్లు, ఒకపక్క చాట్ పెట్టుకోవచ్చు. తెలుగు పేర్లకు నోట్‌ప్యాడ్‌లో ఫైల్ రాసి, టెక్స్ట్ సోర్స్‌లో ‘రీడ్ ఫ్రమ్ ఫైల్’ నొక్కండి. ఫైల్ యూటీఎఫ్-8గ సేవ్ కాకుంటే పిచ్చి గుర్తులొస్తయి. ఫాంట్ మండలి గని, నోటో సాన్స్ తెలుగు గని. రామభద్ర లాంటి బొద్దు ఫాంట్లు శీర్షికకు బాగుంటయి, చిన్న సైజులో ఒత్తులు ముద్దయితయి.

రెన్‌పై (విజువల్ నవలలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఇంజిన్‌తో చేసిన ఆటలైతే కొన్ని మీటలు చేతికి రావాలె. హెచ్ నొక్కితే అక్షరాల పెట్టె మాయమై బొమ్మ పూర్తిగ కనిపిస్తది. మౌస్ చక్రం పైకి తిప్పితే వెనక్కి పోతది. కంట్రోల్ పట్టుకుంటే కథ పరుగెత్తుతది. మోచేయి తగిలి నాలుగు పేజీలు పోయేది దీనివల్లనే, కీబోర్డ్‌ను దూరం జరిపి మౌస్‌తోనే నడపండి.

గొంతు

మైకు నోటికి బెత్తెడు దూరం, ఎదురుగ కాకుండ జర పక్కకు. ఎండకాలంలో అసలు శత్రువు కూలర్. కాజీపేట దిక్కు ఉన్నవాళ్లకు రైలు కూత కూడా తోడైతది. కూలర్ ఆపి చదవమనడం మే నెలలో అయ్యే మాట కాదు, దాన్ని మైకు వెనక దిక్కు పెట్టి, ఓబీఎస్‌లో ‘నాయిస్ సప్రెషన్’ కింద ఆర్‌ఎన్‌నాయిస్ ఎంచుకోండి. వరుస ముఖ్యం: ముందు నాయిస్ సప్రెషన్, తర్వాత కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గులను సమం చేసేది), చివర లిమిటర్ (గీత దాటకుండ ఆపేది). కంప్రెసర్ ముందుంటే అది కూలర్ మోతను కూడా పెంచి కిందికి పంపుతది.

‘నాయిస్ గేట్’ (మెల్లటి శబ్దం వస్తే మైకును మూసేసే ఫిల్టర్) గురించి ఒక మాట. ఇంగ్లిష్ స్ట్రీమర్ల వీడియోలు చూసి చాలామంది అదే అంకెలు పెట్టుకుంటరు. మన మాటలు అచ్చుతో ముగుస్తయి: వచ్చిండు, పోయింది, లేదు. ఆ చివరి ‘ఉ’, ‘ఇ’ మెల్లగ జారిపోతయి, గేట్ వాటిని శబ్దం అనుకొని కోసేస్తది. వినేవాళ్లకు ‘వచ్చిండ్’, ‘పోయింద్’ అని వినపడతది. ఓబీఎస్‌లో డిఫాల్ట్ హోల్డ్ 200, రిలీజ్ 150 మిల్లీసెకన్లు. తెలుగుకు హోల్డ్ 400, రిలీజ్ 300 పెట్టండి, లేదా గేటే తీసేయండి. నేనైతే తీసేయమంటా.

ఆట సంగీతం మీ గొంతు కింద తగ్గాలంటే, ఆట ఆడియో మీద కంప్రెసర్ పెట్టి సైడ్‌చెయిన్‌లో (ఏ శబ్దం వస్తే తగ్గాలో చెప్పే చోట) మైకును ఎంచుకోండి. థ్రెషోల్డ్ మైనస్ 35 డెసిబెల్స్, నిష్పత్తి 8, రిలీజ్ 800 మిల్లీసెకన్లు. రిలీజ్ తక్కువైతే వాక్యానికి వాక్యానికి నడుమ సంగీతం ఎగిరి దూకుతది. ఆటలో జపనీస్ గొంతులుంటే ముందు వాటిని పూర్తిగ విననియ్యండి, ఆపై చదవండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఏదీ అర్థం కాదు. కొత్తవాళ్లకు ఇంకో సంగతి ముందే చెప్పండి: జపనీస్‌లో ‘ఒరె’ అంటే ‘నేను’, మగపిల్లలు మొరటుగ వాడే మాట. చెప్పకుంటే హీరో మాటిమాటికి ఎవరినో ‘ఒరే’ అని పిలుస్తున్నడని చాట్ అడుగుతనే ఉంటది.

యాస, పిలుపు

అసలు పని ఇక్కడుంది. ఇంగ్లిష్‌లో అందరూ ‘యూ’. తెలుగులో ‘మీరు’నా ‘నువ్వు’నా తేల్చకుండ ఒక్క వాక్యం కూడా చదవలేరు. మొదలుపెట్టే ముందే ఒక నోట్‌బుక్‌లో పట్టిక గీయండి: ఎవరు, ఎవరిని, ఏమని పిలుస్తరు. ఆరు పాత్రలుంటే ముప్పై గళ్లు వస్తయి, గంట పని. జపనీస్ గొంతులు వినగలిగితే సగం పని తేలికైతది. ‘-సాన్’ అంటే మీరు, ఉత్త పేరు అంటే నువ్వు. ఒక అమ్మాయి ‘-సాన్’ వదిలి మొదటిసారి పేరుతో పిలిచిందంటే కథలో అది పెద్ద మలుపు. మీరు మొదటి రోజే ‘నువ్వు’ వాడేసి ఉంటే ఆ మలుపు చూపించే దారి ఇక లేదు.

‘సెన్‌పై’ (సీనియర్‌ను పిలిచే జపనీస్ మాట) దగ్గర చాలామంది పడతరు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో సీనియర్‌ను ‘అన్నా’, ‘అక్కా’ అంటం కాబట్టి అదే చేతికి వస్తది. ప్రేమకథలో హీరోయిన్ హీరోను ‘అన్నా’ అన్నదంటే ఆ రూట్ (ఆ పాత్ర వెంట నడిచే కథ దారి) అక్కడే అయిపోయినట్టు, ఎవరు విన్నా చెల్లెలే అనుకుంటరు. ప్రేమ ఉన్న రూట్‌లో ‘సీనియర్’ అనో, ఉన్నదున్నట్టు ‘సెన్‌పై’ అనో ఉంచండి. ‘అన్నా’ను స్నేహితుల సీన్లకు దాచుకోండి. ‘గారు’ కూడా చూసి వాడాలె. వరంగల్ కాలేజీ పిల్లల నోట అది స్టేజీ మాట లెక్క వినపడతది. ‘సార్’, ‘మేడం’ సహజం.

ఒక వాక్యం దగ్గర పెట్టి చూద్దాం. బడి గేటు, వాన, ‘ఇంకా పోలేదా?’ అని అతను అడిగిండు. ఆమె జవాబు: ఆలస్యం చేశావు, అయినా వెళ్లలేదు. చిన్నప్పటి దోస్తు అయితే: ‘గిప్పుడా వచ్చేది? పోలే గని, ఈడ్నే కూసున్న.’ జూనియర్ అయితే: ‘మీరొస్తరని... పోలే.’ క్లాస్ లీడర్, మాట తూచి మాట్లాడే పిల్ల అయితే: ‘ఆలస్యమైంది. అయినా వెళ్లలేదు.’ ముగ్గురి మాటల్లో సమాచారం ఒక్కటే, తేడా అంత ఎడంలో ఉంది. రెండోదానిలో ఆ ఆగడం దగ్గర నిజంగ ఒక సెకను ఆగండి, అక్షరాల కన్నా అదే ఎక్కువ చెప్తది.

ఇక యాస ఎవరికి ఇయ్యాలె? ఇది రాజకీయమే, కాదనుకోవద్దు. మన యాసను విలన్‌కు, కమెడియన్‌కు కట్టబెట్టిన సినిమాలు ఎన్ని చూసినమో అందరికీ తెలుసు. హీరోయిన్‌కు పుస్తకాల తెలుగు, రౌడీకి తెలంగాణ అని చదివితే పది నిమిషాల్లో చాట్‌లో లొల్లి లేస్తది, లేవాలె కూడా. పద్ధతి ఇది: కథనం మీ ఇంటి యాసలో చదవండి. హన్మకొండ అయితే హన్మకొండ, జగిత్యాల అయితే జగిత్యాల. పాత్రల తేడాను వాళ్ల మధ్య దగ్గరితనం బట్టి, ఊరు బట్టి చూపించండి. మంచితనం, తెలివి, కులం బట్టి ఎన్నడూ కాదు. ఒసాకా దిక్కు కన్సాయ్ యాస మాట్లాడే పాత్ర వస్తే ఏం చేయాలన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. శ్రీకాకుళమో, కడపనో అనుకుంటే ఆ ఊరి దోస్తునే పిలిచి ఆ పాత్ర చదివించండి. మనం పుట్టి పెరగని యాసను అనుకరిస్తే అది వెక్కిరింపే అయితది, మనకు జరిగిందే మనం ఇంకొకరికి చేసినట్టు.

చాట్, ఓటు, రాజకీయం

ఎంపిక వచ్చినప్పుడు సేవ్ చేసి, యూట్యూబ్ లైవ్ పోల్ పెట్టండి, నాలుగు ఆప్షన్ల దాకా ఇస్తది. లేటెన్సీ (లైవ్ ఆలస్యం) సెట్టింగ్‌ను ‘లో’, అంటే తక్కువకు పెట్టి, నిమిషం పూర్తిగ ఆగండి. ఫోన్‌లో చూసేవాళ్లకు మీ మాట కొన్ని సెకన్లు ఆలస్యంగ చేరుతది. ఓటు పడ్డాక వెనక్కి తిప్పొద్దు. ఒక్కసారి తిప్పితే తర్వాతి ఓటుకు విలువ ఉండదు.

ఉత్తర తెలంగాణ గ్రూప్‌లో చాలామంది గల్ఫ్‌లో ఉంటరు. మన రాత్రి పది దుబాయ్‌లో ఎనిమిదిన్నర, దోహా, రియాద్, కువైట్‌లో ఏడున్నర. యూఏఈలో ఇంటర్నెట్ వాయిస్ కాల్స్‌కు ఆంక్షలున్నయి, వాళ్లు చాట్‌లోనే మాట్లాడతరు. ముఖ్యమైన చర్చలన్నీ వాయిస్‌లోనే పెడితే వాళ్లకు నోరు లేనట్టయితది, తీర్మానాలు రాతలోనే చేయండి.

రాజకీయం మాట్లాడొద్దు అనే రూల్ పెట్టడం తప్పు అని నా గట్టి నమ్మకం. ‘సుజెరైన్’ (2020) లాంటి ఆటలో ఒక అధ్యక్షుడు రాజ్యాంగం మార్చాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న. దాన్ని చదువుకుంట మన ఊరి సంగతి తలవకుండ ఉండమనడం కుదరదు. దానికి జాగా వేరే చూపించాలె. స్ట్రీమ్ చాట్‌లో ఆటలోని రాజకీయం ఎంతైనా మాట్లాడొచ్చు, నిజం నాయకుల, పార్టీల పేర్లు మాత్రం డిస్కార్డ్‌లో (గ్రూపులు ముచ్చట పెట్టుకునే యాప్) ‘రచ్చబండ’ ఛానల్‌కు. అక్కడ స్లో మోడ్ (మెసేజ్‌కు మెసేజ్‌కు నడుమ ఆగాల్సిన సమయం) రెండు నిమిషాలు. కోపంలో టైప్ చేసిన రెండో మెసేజ్‌ను ఆ రెండు నిమిషాలే ఆపుతయి. ఫార్వర్డ్ బొమ్మ, కత్తిరించిన వీడియో చెల్లవు, పూర్తి వార్త లింకో, అసలు జీవోనో పెట్టాలె. వాయిస్‌లో అయితే ఆరుగురికి మించొద్దు, మనిషికి మూడు నిమిషాలు, ఫోన్‌లో టైమర్. అడగకుండ రికార్డ్ చేసినవాళ్లను ఆ రోజే బయటికి పంపాలె.

‘రచ్చబండ’లో ఇంకో రూల్ తప్పక ఉండాలె: ‘రా’ వాడొద్దు. గొంతులో ‘ఏందిరా’ ప్రేమ. రాతలో, అది కూడా రోమన్ అక్షరాల్లో, ముఖం తెలియని మనిషికి అది తిట్టే. కొట్లాటలు వాదన మీద కన్నా ఈ ఒక్క అక్షరం మీదనే ఎక్కువ మొదలయితయి. ఆ ఛానల్‌లో అందరికీ ‘మీరు’, ఇంకెక్కడైనా మీ ఇష్టం.

తిట్ల ఫిల్టర్ పెట్టేటప్పుడు ఒక్కో మాటకు తెలుగు లిపి రూపం, రోమన్ రూపాలు రెండూ ఎక్కించాలె. ‘వెధవ’ ఒక్కటే హెచ్‌తో, హెచ్ లేకుండ, చివర రెండు ఏలతో నాలుగైదు తీర్ల వస్తది. డిస్కార్డ్ ఆటోమాడ్‌లో (మాటలను తనంతట తానే అడ్డుకునే ఫిల్టర్) మాటకు రెండు పక్కల నక్షత్రం గుర్తు పెడితే లోపల దాగిన మాటను కూడా పడతది. అక్కడే చిక్కు: ‘కుక్క’కు రెండు పక్కల నక్షత్రం పెడితే ‘కుక్కర్’ కూడా పోతది. చిన్న మాటలకు నక్షత్రం వద్దు. ఎవరైనా గీత దాటితే మొదట పది నిమిషాల టైమ్‌అవుట్, కారణం మనిషికి విడిగ రాసి పంపండి. అందరి ముందు మందలిస్తే ఇజ్జత్ సవాల్ అయి ఇంకో పదిమంది దిగుతరు.

వాట్సాప్ అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుల పోస్టుకు నేరస్థుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అది చూసి ధైర్యపడొద్దు. సూపర్ చాట్ వచ్చిందని మీరు గట్టిగ చదివితే ఆ మాట మీ నోటిదే. వర్గాల మధ్య పగ రెచ్చగొట్టే మాటలకు భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద మూడేండ్ల దాకా జైలు ఉంది. మనసులో పూర్తిగ చదివి, ఆపై నోటికి తీసుకోండి. ఎంత డబ్బు వచ్చినా సరే.

ఎన్నికల వేళ ఇంకో జాగ్రత్త. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలు ప్రచార సరుకు తెర మీద చూపొద్దు. 2023 నవంబర్ 30న వరంగల్‌లో పోలింగ్ సాయంత్రం 5కు ముగిసింది, అంటే 28 సాయంత్రం 5 నుంచే మౌనం. మన పక్కనే ములుగు, భూపాలపల్లి లాంటి చోట్ల 4కే ముగిసింది, అక్కడ గంట ముందు. ఆ రెండు రోజులు ‘ఎవరు గెలుస్తరు’ అని లైవ్ పోల్ పెట్టొద్దు. ఆటలోని ఎన్నిక చదువుకోవచ్చు, అసలు ఎన్నిక మీద నోరు కట్టుకోండి.

కరెంట్ పోతే

ఇన్వర్టర్ ఉన్నా, కరెంట్ అటు నుంచి ఇటు మారే ఆ క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ లేస్తది, రెండు మూడు నిమిషాలు పోతయి. రౌటర్‌కు 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి. ముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టేజ్ చదివి కొనండి, కొన్ని 9 వోల్టులవి. ఓబీఎస్‌లో ‘ఆటోమేటిక్ రీకనెక్ట్’ ఉంచండి, రికార్డింగ్ ఎంకేవీలో పెట్టండి. ఎంపీ4లో ఉండగ లాప్‌టాప్ ఆగితే ఫైల్ మొత్తం పోవచ్చు. ఎంకేవీలో అప్పటిదాకా నడిచింది మిగులుతది, తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలో ‘రీమక్స్’తో ఎంపీ4 చేసుకోవచ్చు.

స్ట్రీమ్ ఆపినంక వెంటనే పడుకోవద్దు, పది నిమిషాలు నోట్‌బుక్ తెరవండి. ఏ సేవ్ ఏ సీన్, చాట్ ఏం ఎంచుకుంది, ఇయ్యాల ఎవరు ఎవరిని ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు దించిన్రు, ఏ లైన్‌లో. వచ్చే వారం మీరు మరిచిపోయి మళ్లీ ‘మీరు’ అంటే చాట్ పట్టేస్తది, అదైతే దిద్దుకోవచ్చు. చాట్ కూడా పట్టకపోతేనే నష్టం, ఆ ఇద్దరి నడుమ ఏదో చెడిందని వినేవాళ్లు కథలో లేనిది అనుకుంటరు.